పదో తరగతి తర్వాత పగ్గాలు ఎవరి చేతిలో?

పదో తరగతి ఫలితాలు వచ్చిన కొద్దిరోజుల్లోనే తెలుగు ఇళ్లలో పిల్లల రాబోయే రెండేళ్లు తేలిపోతాయి. ఎంపీసీయా బైపీసీయా, ఏ కాలేజీ, హాస్టలా డే స్కాలరా అన్నవన్నీ పెద్దవాళ్లే మాట్లాడుకుంటారు. చదవాల్సిన పిల్ల అక్కడే కూర్చుని వింటుంది. ఆ తర్వాత తెల్లవారుజాము నుంచి రాత్రి స్టడీ అవర్స్ దాకా ఆమె రోజంతా వేరొకరు రాసిన టైమ్‌టేబుల్ ప్రకారమే నడుస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురుదిక్కున ఇంకో ఆలోచన ఉంది. ఏం నేర్చుకోవాలో, ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎంతకాలం నేర్చుకోవాలో పిల్లలనే తేల్చుకోనివ్వాలంటుంది. అన్‌స్కూలింగ్ అనీ, స్వయం అభ్యసనం అనీ దాన్ని పిలుస్తున్నారు. మన దేశంలో ఈ దారి పట్టిన కుటుంబాలు చాలా కొద్ది. కానీ వాళ్లు లేవనెత్తిన ప్రశ్న మనందరిదీ. ఈ ఆలోచన ఎక్కడ పుట్టింది, దానికి ఆధారాలున్నాయా, మన చట్టం ఏమంటుంది, ఎవరికి మేలు, ఎవరికి ప్రమాదం అన్నవి ఒక్కచోట పెట్టి చూడటమే ఈ వ్యాసం పని.

ఆలోచన వేళ్లు

మామూలు బడికి బదులు వేరే దారి పట్టినవాళ్లంతా ఒకే బాటలో లేరు. కొందరు బడి సిలబస్‌నూ బడి గంటలనూ ఇంట్లోనే అమలుచేస్తారు. అది హోమ్‌స్కూలింగ్. అన్‌స్కూలింగ్‌లో సిలబస్ ఉండదు, పిల్లల ఆసక్తి వెంటే చదువు నడుస్తుంది. మూడోది ప్రజాస్వామిక బడి. అందులో బడి ఉంటుంది గానీ తరగతికి వెళ్లమని ఎవరూ బలవంతపెట్టరు.

ఈ మూడో రకానికి పాత ఉదాహరణ సమ్మర్‌హిల్. ఎ.ఎస్. నీల్ 1921లో మొదలుపెట్టిన ఆ బడి ఇంగ్లండ్‌లో వందేళ్లు దాటినా నడుస్తోంది. తరగతికి వెళ్లాలా వద్దా అన్నది అక్కడ పిల్లల ఇష్టం. బడి నియమాలను మాత్రం పిల్లలూ పెద్దలూ కలిసి సభలో ఓటేసి చేసుకుంటారు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1968లో మొదలైన సడ్‌బరీ వ్యాలీ ఇంకో అడుగు ముందుకేసింది. నాలుగేళ్ల పిల్లకైనా, అక్కడ పనిచేసే పెద్దలకైనా సభలో ఒకటే ఓటు.

జాన్ హోల్ట్ బడిపంతులుగా పనిచేస్తూ పిల్లలు ఎందుకు వెనకబడుతున్నారో గమనించాడు. పిల్లలు పాఠం అర్థం చేసుకోవడానికి బదులు టీచరుకు కావలసిన జవాబు ఏమిటో ఊహించడంలో ఆరితేరుతున్నారని 1964లో వచ్చిన తన మొదటి పుస్తకంలోనే రాశాడు. కొన్నేళ్ల పాటు బడిని బాగుచేయవచ్చని నమ్మి, చివరికి ఆ ఆశ వదులుకుని, 1977లో బడి వెలుపల పిల్లల్ని పెంచే తల్లిదండ్రుల కోసం పత్రిక ప్రారంభించాడు. అంతకుముందే 1971లో ఇవాన్ ఇల్లిచ్, సమాజం చదువునంతా బడికి అప్పగించేసి తక్కిన నేర్చుకునే దారులను మూసేసిందని వాదించాడు.

మనకు ఇది పరాయి సరుకేమీ కాదు. 1901లో టాగోర్ శాంతినికేతన్‌లో చెట్లకింద బడి పెట్టాడు. 1937లో వార్ధా సదస్సులో గాంధీ చేతిపని కేంద్రంగా నయీ తాలీమ్‌ను ప్రతిపాదించాడు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి భయమూ పోలికా ఉన్నచోట నేర్చుకోవడం సాగదని జీవితమంతా చెప్పాడు. ఆ పట్టణానికి దగ్గర్లోని రిషివ్యాలీ ఆయన ఆలోచనతో ఎదిగిన బడి. స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన చలం తాను చూసిందంతా మనసులో పెట్టుకుని ‘బిడ్డల శిక్షణ’ రాశాడు. కొట్టి, భయపెట్టి పిల్లల్ని దారిలో పెట్టాలనుకునే పెద్దల మీద తెలుగులో అంత సూటిగా రాసినవాళ్లు తక్కువ.

పుస్తకం వెంట నడిచి సొంతంగా ఎదిగిన తరాలూ మనకున్నాయి. 1901లో హైదరాబాద్‌లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో మొదలైన సారస్వత నికేతనం, అయ్యంకి వెంకటరమణయ్య కూడగట్టిన గ్రంథాలయోద్యమం, పాతూరి నాగభూషణం కాలువలో నడిపిన పడవ గ్రంథాలయం ఇవన్నీ బడి గడప తొక్కనివాళ్లకూ, మధ్యలో మానేసినవాళ్లకూ చదువు దారి తెరిచాయి.

పదమూడు నుంచి పందొమ్మిది దాకా

ఈ చర్చలో టీనేజీని విడిగా చూడాలి. పన్నెండేళ్లు దాటాక పిల్లలకు సొంత నిర్ణయాల మీద ఆరాటం పెరుగుతుంది, తనెవరో తేల్చుకోవాలన్న తపన మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే బడి పట్టు బిగిస్తుంది. పరీక్షలు, ర్యాంకులు, పక్కవాళ్లతో పోలికలు పెరుగుతాయి. ఆ వయసులో చదువు మీద ఆసక్తి పడిపోవడానికి వయసొక్కటే కారణం కాదనీ, ఆ వయసు అవసరానికీ బడి తీరుకూ పొంతన లేకపోవడమూ కారణమేననీ జాక్వెలిన్ ఎక్లెస్ బృందం ముప్పై ఏళ్లకు పైగా చెబుతోంది. మనిషి మనస్ఫూర్తిగా పనిచేయాలంటే నిర్ణయం తనదన్న భావన, చేయగలనన్న నమ్మకం, తనవాళ్లున్నారన్న ధీమా మూడూ కావాలని ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ సిద్ధాంతీకరించారు. వీటిలో మొదటిదాన్ని పూర్తిగా తీసేసి మిగతా రెంటినీ ర్యాంకుకు ముడిపెట్టడమే మన రెసిడెన్షియల్ కాలేజీల పద్ధతి.

నిద్ర సంగతీ చూడండి. యవ్వనంలోకి అడుగుపెట్టే పిల్లల్లో నిద్రవేళ సహజంగానే రాత్రివైపు జరుగుతుంది. అందుకే హైస్కూళ్లు ఉదయం ఎనిమిదిన్నరకు ముందు మొదలుకాకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో సిఫారసు చేసింది. మన హాస్టళ్లలో ఆ సమయానికి పిల్లలు ఒక విడత స్టడీ అవర్స్ పూర్తిచేసి ఉంటారు.

2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లినప్పుడు, ఆ ఫలితాల తర్వాతి రోజుల్లో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఏ ఒక్క చావుకూ ఒకే కారణం ఉండదు. అయినా ఒక్క కాగితంతోనే బతుకు తేలిపోతుందని పదిహేడేళ్ల పిల్లలు నమ్మేలా చేసింది మనమే. ఆ నమ్మకాన్ని కూల్చడం కోసమైనా వేరే దారుల గురించి మాట్లాడి తీరాలి.

ఆధారాలు ఏం చెబుతున్నాయి?

అన్‌స్కూలింగ్‌ను సమర్థించేవాళ్లు ఎక్కువగా పీటర్ గ్రే పరిశోధనలను చూపిస్తారు. సడ్‌బరీ వ్యాలీలో చదివి వెళ్లినవాళ్ల మీద ఆయన 1986లో డేవిడ్ చానాఫ్‌తో కలిసి చేసిన అధ్యయనంలో, ఆచూకీ దొరికిన 76 మందిలో 69 మంది జవాబిచ్చారు. కాలేజీకి వెళ్లాలనుకున్నవాళ్లు వెళ్లగలిగారు, కోరుకున్న వృత్తుల్లో కుదురుకున్నారు. ఆ తర్వాత గ్రే, జీనా రైలీ బడి లేకుండా పెరిగిన 75 మంది పెద్దవాళ్లను ప్రశ్నించారు. 83 శాతం మంది ఏదో ఒక ఉన్నత చదువులో చేరారు. 44 శాతం మంది డిగ్రీ పూర్తిచేశారు, లేదా అప్పటికి చదువుతున్నారు. ఎక్కువమంది తమ పెంపకం పట్ల తృప్తిగా ఉన్నారు. ముగ్గురు మాత్రం తీవ్రమైన అసంతృప్తి చెప్పారు.

ఈ అంకెల్ని జాగ్రత్తగా చదవాలి. ఆ 75 మంది తమంతట తామే ముందుకొచ్చి జవాబిచ్చినవాళ్లు. దెబ్బతిన్నవాళ్లు అలాంటి సర్వేలకు ముందుకు రావడం తక్కువ. పైగా వీళ్లలో ఎక్కువమంది పిల్లల కోసం సమయమూ ఆలోచనా పెట్టగలిగిన ఇళ్లలో పెరిగినవాళ్లు.

మరోవైపు శాండ్రా మార్టిన్-చాంగ్ బృందం 2011లో కెనడాలో చేసిన పోలిక ఉంది. 5 నుంచి 10 ఏళ్ల మధ్య వయసున్న 37 మంది ఇంటి చదువు పిల్లల్ని, అంతేమంది బడి పిల్లలతో పోల్చారు. ప్రణాళిక ప్రకారం ఇంట్లో చదివినవాళ్లు బడి పిల్లల కంటే ముందున్నారు. ప్రణాళిక లేని 12 మంది అందరికంటే వెనకున్నారు. ఇది చిన్న నమూనా, చిన్నపిల్లల నమూనా. టీనేజీకి యథాతథంగా వర్తించదు, అలాగని పక్కన పడేయాల్సిందీ కాదు. కొత్త విషయం నేర్చుకునేవాళ్లకు స్పష్టమైన మార్గదర్శనం లేకుండా వదిలేస్తే నష్టమేనని కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ 2006లో గట్టిగా వాదించారు. లెక్కలు, సంగీతం, ప్రోగ్రామింగ్ లాంటివి ఒక మెట్టు మీద ఇంకో మెట్టుగా నేర్చుకోవాల్సిన విద్యలు. అక్కడ గురువు చేసి చూపించిన ఒక ఉదాహరణ, ఒంటరిగా తడుముకునే ఎన్నో గంటల్ని ఆదా చేస్తుంది.

ఈ రెంటి మధ్య నాకు అన్నిటికంటే విలువైనవిగా కనిపించేవి సుగతా మిత్రా ప్రయోగాలు. 1999లో ఢిల్లీ కల్కాజీలో గోడకు రంధ్రం చేసి కంప్యూటర్ పెట్టి, పిల్లలు తమంతట తాము దాన్ని వాడటం నేర్చుకున్నారని ఆయన చూపించాడు. హైదరాబాద్‌లో ఒక బడిలోని టీనేజీ పిల్లలకు, మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఇచ్చి వదిలేస్తే, కంప్యూటర్‌కు అర్థమయ్యేదాకా పలికి పలికి ఇంగ్లీషు ఉచ్చారణ మెరుగుపరుచుకున్నారని 2003లో సహచరులతో కలిసి ప్రకటించాడు. ఆ తర్వాత తమిళ గ్రామం కాళికుప్పంలో పిల్లల ముందు ఇంగ్లీషులో జీవసాంకేతిక పాఠాలున్న కంప్యూటర్ పెట్టాడు. సున్నా నుంచి మొదలైన వాళ్ల మార్కులు దాదాపు 30 శాతానికి చేరి ఆగిపోయాయి. అప్పుడు ఆ విషయం తెలియని స్థానిక యువతి ఒకరు వాళ్ల పక్కన ఉండి, అబ్బ ఎంత బాగా చేశారు, ఇదెలా చేశారో నాకూ చెప్పండి అని మెచ్చుకుంటూ వచ్చింది. మార్కులు 50 శాతం దాకా పెరిగాయి.

దీనికి ఇంకో కోణమూ ఉంది. ఉత్తరాఖండ్‌లోని అల్మోరా ప్రాంతంలో పెట్టిన అలాంటి కంప్యూటర్లు కొంతకాలానికే మూలపడ్డాయని పాయల్ అరోరా 2010లో రాసింది. యంత్రం ఒక్కటే చదువు చెప్పదు. పక్కనుండే మనిషి కావాలి. ఆ మనిషికి అన్నీ తెలిసి ఉండక్కర్లేదు. పిల్లల పనిలో నిజమైన ఆసక్తి, ఓపిక ఉంటే చాలు.

మన నేల మీద అనుభవాలు

లద్దాఖ్‌లో 1988లో సోనమ్ వాంగ్‌చుక్, సహచరులు మొదలుపెట్టిన సెక్‌మోల్ పక్కన మనుషులుండే స్వయం అభ్యసనానికి మంచి ఉదాహరణ. పదో తరగతి తప్పిన పిల్లలకు అక్కడ చోటిచ్చారు. సూర్యరశ్మితో వేడెక్కే ఆ మట్టి భవనాల ప్రాంగణాన్ని పిల్లలే బాధ్యతలు పంచుకుని నడుపుతారు. వంట, తోట, ఆవులు, లెక్కాపత్రాలు అన్నీ చదువులో భాగమే. బడి పనికిరారని తీర్మానించిన పిల్లలు అక్కడ ఒక చిన్న ఊరిని నడిపి చూపించారు. అదీ స్వయం అభ్యసనమే. అయితే అక్కడ రోజుకు ఒక క్రమం ఉంది, పనికి జవాబుదారీ ఉంది, చుట్టూ మనుషులున్నారు.

ఉదయపూర్‌లో 2010లో మొదలైన స్వరాజ్ యూనివర్సిటీ డిగ్రీ ఇవ్వదు. అక్కడ చేరే యువతను ఖోజీలంటారు. తమ విషయాన్ని తామే ఎంచుకుని, ఆ పని చేసే మనుషుల దగ్గరికి వెళ్లి కొంతకాలం ఉండి నేర్చుకుని వస్తారు.

అసాధారణ ప్రతిభావంతుల కథలు ఎప్పుడూ వార్తల్లోకి ఎక్కుతాయి. 2010 ఐఐటీ ప్రవేశ పరీక్షలో 14 ఏళ్లకే 33వ ర్యాంకు తెచ్చుకున్న ఢిల్లీ బాలుడు చాలాకాలం ఇంట్లోనే చదివినవాడు. అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు గెలిచిన ముంబై అమ్మాయి ఏడో తరగతి తర్వాత బడి మానేసింది. పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేదు కనుక ఐఐటీ దారి ఆమెకు మూసుకుపోయింది. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ చేరదీసింది, 2016లో ఎంఐటీ సీటిచ్చింది. వీళ్లను చూసి మన పిల్లనూ మాన్పిద్దామనుకోవడం తప్పు. సర్టిఫికెట్ లేకపోతే అంతటి ప్రతిభకూ స్వదేశంలో చాలా తలుపులు మూసుకుంటాయన్నదే ఈ కథలోని పాఠం.

చట్టం, సర్టిఫికెట్

2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. పదో సెక్షన్ పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది, కానీ చేర్చకపోతే శిక్ష చెప్పలేదు. గుర్తింపు లేకుండా బడి నడపడాన్ని మాత్రం నిషేధించింది. 14 నిండాక ఈ చట్టం పరిధి ముగుస్తుంది. అంటే ఇంటర్ వయసు పిల్లలు కాలేజీకి వెళ్లకుండా చదువుకోవడానికి చట్టపరంగా ఆటంకం లేదు.

ఇతర దేశాలు భిన్నంగా ఉన్నాయి. జర్మనీలో పిల్లల్ని బడికి పంపి తీరాలి. ఫ్రాన్స్‌లో 2022 నుంచి ఇంటి చదువుకు ముందస్తు అనుమతి తప్పనిసరి. ఇంగ్లండ్‌లో తల్లిదండ్రులకు ఆ స్వేచ్ఛ చట్టంలోనే ఉంది. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే, నిబంధనలు మాత్రం రాష్ట్రానికో తీరు.

మనకు సర్టిఫికెట్ దారి ఓపెన్ స్కూల్. 1989లో ఏర్పడిన జాతీయ ఓపెన్ స్కూల్ నేటి ఎన్‌ఐఓఎస్. 14 ఏళ్లు నిండితే పదో తరగతికి నేరుగా నమోదు కావచ్చు. ఒక్కో సబ్జెక్టు ఒక్కోసారి రాసుకుంటూ అయిదేళ్లలో పూర్తిచేయవచ్చు. పదో తరగతి తెలుగు మాధ్యమంలోనూ ఉంది. 1991లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్ సొసైటీ, విభజన తర్వాత ఏర్పడిన తెలంగాణ సొసైటీ కూడా ఓపెన్ టెన్త్, ఓపెన్ ఇంటర్ నడుపుతున్నాయి. ఓపెన్ స్కూల్ పిల్లలకు నీట్ అర్హత లేదన్న నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. జేఈఈ లేకుండానే, తనే పెట్టే అర్హత ప్రక్రియ ద్వారా ఐఐటీ మద్రాస్ 2020 నుంచి డేటా సైన్స్ చదువును ఆన్‌లైన్‌లో అందిస్తోంది. 1961 అప్రెంటిస్‌ల చట్టం 14 ఏళ్లు నిండినవాళ్లకు పని నేర్చుకుంటూ స్టైపెండ్ పొందే అవకాశమిచ్చింది. తలుపులున్నాయి, వాటి సంగతి మన ఊళ్లలో చెప్పేవాళ్లే తక్కువ.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం

ఈ ఆలోచన మీద ఎన్ని విమర్శలున్నా, నన్ను ఆపి ఆలోచింపజేసేది ఒక్కటే. అది తెలుగు నేల మీద నుంచే వచ్చింది. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ తరఫున శాంతా సిన్హా, ఆమె సహచరులు 1990ల నుంచి రంగారెడ్డి జిల్లా గ్రామాల్లో తిరిగి, పత్తి చేలలోంచి, గేదెల వెనక నుంచి, వెట్టి నుంచి పిల్లల్ని బడికి తెచ్చారు. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వాళ్ల గట్టి సూత్రం. పేదరికం వల్లే పిల్లలు పనికి వెళ్తున్నారు, పనిలోనే నేర్చుకుంటారు అనే వాదనల్ని వాళ్లు ఇంటింటా ఓడించారు.

బడి వద్దనే మాటను ఆ ఊళ్లలో చెబితే ఏమవుతుంది? పద్నాలుగేళ్లకు బడి మానేసిన ఆడపిల్లకు మన పల్లెల్లో దొరికేది స్వేచ్ఛ కాదు, పెళ్లి చూపులు. మగపిల్లాడికి దొరికేది మెకానిక్ షెడ్డు, ఇటుకబట్టీ. 2016 బాలకార్మిక చట్ట సవరణ బడి వేళల తర్వాత ఇంటి పనిలో, కుటుంబ వృత్తిలో పిల్లల సాయాన్ని అనుమతించింది. బడే లేని పిల్లకు ఆ వేళలకు హద్దేముంది? మధ్యాహ్న భోజనం, పిల్ల ఒంటి మీద దెబ్బలు గమనించే టీచరు, కులం దాటి పక్కన కూర్చునే స్నేహితురాలు కూడా బడి ఇచ్చేవే.

కాబట్టి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. అందరికీ ఒకే సలహాగా బడి మాన్పించమని చెప్పడం మన సమాజంలో అన్యాయం. కానీ బడి ఉన్నంత మాత్రాన చదువు ఉన్నట్టు కాదని ఒప్పుకోకపోవడమూ అన్యాయమే. శాంతా సిన్హా బృందం పోరాడింది పిల్లల బాల్యం కోసం, వాళ్ల హక్కు కోసం. ఆ హక్కులో ఏం నేర్చుకోవాలో చెప్పే మాట కూడా చేరాలి.

ఈ దారి పట్టాలనుకునే ఇంటికి

కోరిక పిల్లదై ఉండాలి, తల్లిదండ్రుల ఆదర్శం మాత్రమే కాకూడదు. బడి వదిలిన మొదటి నెలల్లో పిల్లలు నిద్రలోనూ ఫోన్‌లోనూ మునిగిపోవడం ఈ కుటుంబాల్లో మామూలే. ఆ దశను ఓపికగా దాటించాలి, కానీ అదే జీవితం కాకుండా చూడాలి. రోజుకొక క్రమం, వారానికొకసారి ఏం చేశారో రాసుకునే నోటుబుక్కు ఉండాలి. లెక్కలు, భాష తప్పనిసరిగా సాగాలి, వెనకబడితే చెప్పించుకోవాలి. ఇంటి బయట ఒకరిద్దరు పెద్దవాళ్లు, తన వయసు స్నేహితులు ఉండాలి. ఓపెన్ టెన్త్‌లో పేరు ముందే నమోదు చేయించాలి. ఎప్పుడు కావాలన్నా తిరిగి బడికి వెళ్లే హక్కు పిల్లకు ఉండాలి. ఇవేవీ సమకూర్చలేని ఇల్లు పిల్లను బడిలోనే ఉంచి, సాయంత్రాలనూ సెలవులనూ ఆమెకు వదిలేయడం మేలు.

బడి మానకుండానే చేయగలిగింది చాలా ఉంది. మనం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ డబ్బు పూర్తిగా గ్రంథాలయాలకు చేరి, ప్రతి మండల కేంద్రంలో టీనేజీ పిల్లలకు ఒక గది, కంప్యూటర్, పక్కన కూర్చునే ఒక పెద్దమనిషి దొరకాలి. రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం పల్లె బడుల్లో పిల్లలు ఎవరి వేగంతో వాళ్లు ముందుకెళ్లే కార్డుల పద్ధతిని రూపొందించి దేశానికి ఇచ్చింది. అదే సూత్రాన్ని హైస్కూలుకూ, ఇంటర్‌కూ తేవాలి. ఇంటర్ బోర్డులు స్టడీ అవర్స్‌కు హద్దు పెట్టి, దాన్ని నిజంగా అమలుచేయాలి. ఓపెన్ స్కూల్ ఫెయిలైనవాళ్ల చోటు అన్న ముద్ర పోవాలి.

ఈ ఏడాది పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు ప్రతి ఇంట్లో ముందుగా అడగాల్సింది పిల్లనే. నువ్వేం నేర్చుకోవాలనుకుంటున్నావు, అందుకు మేమేం చేయాలి అని అడగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. వచ్చేదాకా ఆగండి, వచ్చాక దాన్ని మన్నించండి.